వేరు పొయ్యి

మా ఊళ్ళో ఎవరైనా ముసలివాళ్ళు పోతే, ఆ ఇంట్లో ఏడుపులు ఆగకముందే ఇంకో ఇంట్లో అర్జీ రాసేవాళ్ళు. వినడానికి పాపిష్టి మాటలా ఉంటుంది గానీ, తొంభైల్లో పింఛను పద్ధతే అలా ఉండేది. ఊరికి ఇంతమందికి అని ముందే రాసి ఉండేది. అందులో ఒకరు కన్నుమూస్తే తప్ప కొత్తవాళ్ళకు చోటు లేదు. పింఛను తీసుకునే ముసలాయన రెండు రోజులు దగ్గితే చాలు, ఎన్నడూ గడప తొక్కనివాళ్ళు కూడా వచ్చి పలకరించి పోయేవాళ్ళు. ఆ పలకరింపులో ప్రేమ ఎంతో, ఆశ ఎంతో వాళ్ళకే తెలియాలి.

మా అవ్వకు చోటు దొరికింది కూడా అలాగే. అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి. ఊరి చివరింటి ముసలామె ఒకరోజు పొద్దున్నే పోయింది. సాయంత్రానికి తలారి మా ఇంటి ముందు నిలబడి, నాయనను బయటికి పిలిచాడు.

"పించిను ఒకటి కాళీ అయ్యిండాది. మీ అమ్మకు రాపిచ్చుకోప్పా. నువ్వు దిక్కులు సూస్తా కూసుంటే ఇంగెవురన్నా తన్నుకోని పోతారు" అన్నాడు.

నేనప్పుడు పదో తరగతి. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో బస్సు దిగి, లోపలికి గంటసేపు నడిస్తే మా ఊరు. మాకు ఎకరన్నర చేను ఉండేది. వాన పడితే చెనక్కాయ, పడకపోతే దేవుడి దయ. తినడానికి రాగులకు ఎలాగో తిప్పలు పడేవాళ్ళం. డబ్బు మాత్రం ఏడాదికి ఒకసారి, చెనక్కాయ అమ్మినప్పుడే ఇంట్లో కనిపించేది. సబ్బు, కిరసనాయిలు, బస్సు చార్జీ, పరీక్ష ఫీజు, ఏది అడిగినా నాయన నోట ఒకటే మాట. "చెనక్కాయ కానీ." అవ్వ కళ్ళలో పొరలు కమ్మి మనుషులను గొంతును బట్టి గుర్తుపట్టే పరిస్థితి వచ్చింది. ఆసుపత్రికి తీసుకుపోతానని నాయన మూడేళ్ళుగా చెనక్కాయ మీద వాయిదా వేస్తూనే ఉన్నాడు. ఆ మూడేళ్ళలో రెండేళ్ళు కాయే పడలేదు.

నెలకు డెబ్బై అయిదు రూపాయలు. ఈరోజు ఆ మాట చెబితే మా ఆసుపత్రిలో పిల్ల నర్సులు నవ్వుతారు. ఆ రోజు నాయన ముఖం చూసి ఉంటే నవ్వేవాళ్ళు కాదు.

ఒకటే చిక్కు వచ్చి పడింది. పోషించే కొడుకు ఉంటే పింఛను ఇవ్వరు. తలారే దానికి దారి కూడా చెప్పాడు. "వేరు పోయినామని సూపియ్యండప్పా. ఊర్లో అందరూ సేసేదే కదా."

మా వైపు వేరు పోవడమంటే గోడ కట్టడం కాదు, కాగితం రాసుకోవడమూ కాదు. పొయ్యి వేరు పెట్టడం. అన్నదమ్ములు చేలు పంచుకునేది తర్వాత, ముందు పొయ్యి పంచుకుంటారు. ఒక ఇంటిమీద రెండు పొగలు లేస్తే వాళ్ళు వేరు పోయినట్టే, ఇంకెవరూ ఏమీ అడగరు. అందుకని నాయన కూడా అవ్వకు పొయ్యి పెడితే సరిపోతుందనుకున్నాడు. కరువులో ఎద్దులు అమ్మేశాక కొట్టం ఖాళీగా పడి ఉంది. అమ్మ దాన్ని ఊడ్చి పేడతో అలికింది. నేను వంకలో నుంచి మట్టి తెచ్చి పొయ్యి వేశాను. నాయన పుంగనూరు సంతకు పోయి రెండు కుండలూ ఒక సంగటి కట్టె తెచ్చాడు. అవ్వ చాప, దుప్పటి, తన చెక్క పెట్టె కొట్టంలోకి మారాయి.

"వాళ్ళు వచ్చి సూసి పొయ్యేదాకానే అమా. పది దినాలు అనుకో" అన్నాడు నాయన.

"పదైతేనేం ఇరవయ్యైతేనేం నాయనా, ఈడ గాలి బాగుండాది" అంది అవ్వ. ఆమె మాట తీరే అది. ఏదీ కాదనేది కాదు. అందువల్ల ఆమెకు ఏది ఇష్టమో ఏది కష్టమో ఎవరమూ ఆలోచించే పని లేకుండా పోయింది.

అర్జీ రాసింది నేనే. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనేనని పెద్ద గీర. తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి, అవ్వ వేలిముద్ర వేయించాను. అంతటితో ఆగానా? అవ్వను కూర్చోబెట్టి పాఠం కూడా చెప్పాను. "ఏమడిగినా పెట్టేవాళ్ళు లేరు సామీ అను. అంతే. ఇంగేమీ మాట్లాడొద్దు."

"పెట్టేవాళ్ళు లేరు సామీ" అని మూడుసార్లు అప్పజెప్పింది. "ఇస్కూలుకు పోకనే పాసైపోతాండానే పాపా" అని నవ్వింది కూడా.

విచారణకు వచ్చే రోజు ముందే తెలుస్తుందనుకున్నాం. ఎవరు చెబుతారు? మూడు వారాల తర్వాత, ఎండ మాడ్చేస్తున్న వేళ, బండి మీద ఒకాయన వచ్చి దిగాడు. తలారి కేక వింటూనే అవ్వ కంగారుగా పొయ్యి అంటించింది. పొయ్యి మీద కుండ పెట్టడం మరిచిపోయింది. ఖాళీ పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తూ కూర్చుంది. పదిహేను మంది చుట్టూ చేరారు. నాయన చేనులో నుంచి పరుగెత్తుకొచ్చి, వాళ్ళ వెనకాల తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు.

వచ్చినాయన మంచివాడే. గొంతు కూడా పెంచలేదు. కొట్టం చూశాడు, చాప చూశాడు. రాసుకుంటూ రాసుకుంటూ తలెత్తి, ఎందుకో నాయన వైపు పెన్ను చూపించి, "ఆయనెవరు?" అన్నాడు.

ఈ ప్రశ్నకు నేను ఎవరికీ పాఠం చెప్పలేదు. కొడుకునే సామీ, వేరు పోయినాము అంటే సరిపోయేది. తలారి తర్వాత తల పట్టుకుని ఆ మాటే అన్నాడు. కానీ నాయన బెదిరిపోయాడు. కొడుకు అనే మాట నోట్లోంచి వస్తే పింఛను పోతుందనుకున్నాడు.

"పక్కింటోన్ని సామీ" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఒక్కరైనా నవ్వి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయన అవ్వ వైపు తిరిగి, "నీకు ఎవరూ లేరా అమ్మా?" అని అడిగాడు.

అవ్వ తల ఎత్తలేదు. నేను నేర్పిన మాట వేరు. అది చెబితే పెట్టని కొడుకు ఎవడని అడుగుతారని, అప్పుడు నాయన చెప్పిన పక్కింటోడి మాట నిలవదని ఆమెకు ఆ క్షణంలోనే తట్టింది. చదువులేని మనిషికి అంత చురుకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు.

"ఎవురూ లేరు సామీ" అంది.

ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. రెండు నెలలకు పింఛను మంజూరైంది. పది రోజుల ముచ్చట కాస్తా అక్కడే బిగుసుకుపోయింది. కాగితంలో ఎవరూ లేరని పడింది కదా, ఇప్పుడు కొడుకు పొయ్యి దగ్గర తింటున్నట్టు ఎవరైనా చూసి చెబితే పింఛను పోవడమే కాదు, కేసు కూడా అవుతుందని తలారి భయపెట్టాడు. కేసు అంటే మా ఇంట్లో పాము పేరు చెప్పినట్టే. అవ్వ కొట్టంలోనే ఉండిపోయింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఎంతసేపూ ఏడుపే చెబితే అబద్ధమవుతుంది. నెలనెలా అని పేరేగానీ, ఒక్కోసారి రెండు నెలలది కలిపి ఇచ్చేవాళ్ళు. అయినా వచ్చేది. వాన పడినా పడకపోయినా వచ్చేది. మా ఇంట్లో అలా వచ్చినది అంతకుముందు ఏదీ లేదు. మొదటిసారి పంచాయతీ అరుగు మీద వేలిముద్ర వేసి, వేలికున్న సిరా తుడుచుకోకుండానే అంగడికి పోయి అవ్వ కాఫీపొడి పొట్లం కొనుక్కుంది. అంగడామె "రామ్మా, కూసో" అని పీట వేసిందట. ఆ పీట సంగతి అవ్వ నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ ఏడాదే మా ఇంట్లో ఎవరినీ అడగకుండా, ఎవరి కోసమూ కాచుకోకుండా, నన్ను తోడు తీసుకుని మదనపల్లెకు పోయి కంటి ఆపరేషను చేయించుకుంది. బస్సులో కండక్టరుకు డబ్బు తానే ఇస్తానని పట్టుబట్టింది. కట్టు విప్పిన రోజు నా ముఖం దగ్గరగా లాక్కుని చూసి, "నువ్వు మీ అమ్మ మాదిరే ఉండావే. నేను మా పక్క మాదిరి అనుకున్న్యా" అని కొంచెం నిరాశపడింది. నా పరీక్ష ఫీజు ఆమే కట్టింది. ఆసుపత్రిలో ఆయా పనికి చేరేముందు నాకు కావలసిన రెండు తెల్లచీరలు ఆమే కొనిచ్చింది. వాటిలో ఒకటి చిరిగేదాకా కట్టాను. ఉప్పుకు తక్కువైనా, కిరసనాయిలుకు తక్కువైనా అమ్మ కొట్టం వైపు నడిచేది. మునుపు "అది తే, ఇది పెట్టు" అని మాట్లాడిన అమ్మే, ఇప్పుడు కొట్టం గుంజ పట్టుకుని నిలబడి, "అత్తా, ఏం సేస్తాండావు?" అని మొదలుపెట్టేది. నాకు నవ్వూ వచ్చేది, సిగ్గూ వేసేది.

నాయన మాత్రం కొట్టంలోకి పోయేవాడు కాదు.

మొదట్లో భయం వల్లే అనుకున్నాం, ఎవరైనా చూస్తారని. కానీ చీకటి పడ్డాక కూడా పోడు. చేనుకు పోయేటప్పుడు కొట్టం ముందర నుంచి దారి దగ్గరైనా, ఇంటి వెనకగా చుట్టూ తిరిగి పోయేవాడు. సంతలో అవ్వకు వక్కలో, అరటిపండ్లో తెస్తే నా చేతికిచ్చి పంపేవాడు. ఒకసారి కోపం వచ్చి, "నువ్వే ఇయ్యొచ్చు కదా నాయనా, కాళ్ళు లేవా?" అన్నాను.

"ఆ నోటితోనే పక్కింటోన్ని అంటిని. మళ్ళా అదే నోటితో అమా అని యాట్ల పిలిసేది?" అన్నాడు.

ఆ తర్వాత వరసగా కరువులు. నాయన కుప్పం పోయి గ్రానైటు రాళ్ళ పనిలో చేరాడు. మా ఊరి నుంచి చాలామంది పోయేవాళ్ళు, రెండు మూడు నెలలకు వచ్చిపోయేవాళ్ళు. నాయన ఆరేసి నెలలు వచ్చేవాడు కాదు. పని ఉందనేవాడు. పని ఎంత ఉందో, కొట్టం ముందు నడవలేకపోవడం ఎంత ఉందో నాకు తెలుసు. వచ్చిన ప్రతిసారీ మొదటి మాట ఒకటే. "మీ అవ్వ ఎట్లుండాది?" రెండో మాట కూడా ఒకటే. "సచ్చేలోపల ఇంట్లోకి తెచ్చుకోవాల." అదొక్కటి తీరితే ఆయనకు ఇంకేమీ అక్కర్లేదన్నట్టు ఉండేది. ఆ మాట వినీ వినీ నాకు కూడా అదే కోరిక పట్టుకుంది. తప్పు మొదలుపెట్టింది నా అర్జీయే కదా అనిపించేది. సెలవుకు ఊరికి పోయినప్పుడల్లా కొట్టంలో ఒక్కతే కూర్చుని సంగటి గెలుకుతున్న అవ్వే కనిపించేది. బతికుండగానే ఆమెను మేం బయటికి గెంటేశామని అనుకుంటూ అన్నేళ్ళు గడిపాను.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళకు పింఛను పెరిగింది. రెండు వందలైంది. ఇంకొకరు పోయేదాకా కాచుకోవలసిన పని లేకుండా అర్హులందరికీ ఇస్తామన్నారు. మా ఊళ్ళో కొడుకుల పొయ్యి దగ్గర తింటున్న ముసలివాళ్ళకు కూడా వచ్చింది, ఎవరూ వచ్చి పొయ్యిలు చూడలేదు. తలారి కూడా, "ఇంగ భయం లేదప్పా, ఎవురి ఇంట్లో వాళ్ళు ఉండొచ్చు" అన్నాడు. అప్పటికి నాయన కుప్పం వదిలి వచ్చేశాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగి, పది అడుగులు వేస్తే కూర్చునేవాడు.

నేను సెలవు పెట్టుకుని ఊరికి వచ్చేసరికి ఇల్లంతా హడావుడి. నాయన ఆయాసపడుతూనే లోపలి గదికి సున్నం కొట్టించాడు. అవ్వ కోసం కొత్త మంచం చేయించాడు. నులక తానే అల్లుతున్నాడు. అమ్మ కూడా అవ్వకు ఇష్టమని చింతచిగురు పప్పు చేసింది.

"నువ్వు పోయి పిలుసుకోని రా పాపా. నీ మాట కాదనదు" అన్నాడు నాయన.

అవ్వ కొట్టంలో పొయ్యి ముందు ఉంది. సంగటి అప్పుడే దించి, ముద్ద చేస్తోంది. నేను పక్కన కూర్చుని అంతా చెప్పాను. భయం లేదని, గది సిద్ధమైందని, మంచం కొత్తదని. ఆమె వింటూనే ముద్ద తిప్పింది. తర్వాత, "రాను పాపా" అంది.

కాదనడం తెలియని మనిషి. విన్నది నిజమా అని మళ్ళీ అడిగాను.

"నాయన మీద కోపమా అవ్వా? ఆ పొద్దు ఆ మాట అన్న్యాడనా?"

"వాని మీద నాకేం కోపమే? బెదిరిపోయి అన్న్యాడు. అది ఆ పొద్దే మర్సిపోతిని."

"మరి యాల రావు?"

అవ్వ ముద్దను తినే తట్టలో పెట్టి, నడుమ గుంట చేసి ఊరిబిండి పచ్చడి వేసింది. అరచేయంత ముద్ద. ముసలిమనిషి అంత తింటుందా అనుకున్నాను.

"ఈడైతే ఇంత తింటాను" అంది. "ఆడ ఉన్నప్పుడు సగం ముద్ద సాలు అంటాంటిని. నువ్వు పెరిగే బిడ్డవి, మీ నాయన కష్టం సేసేవాడు. నేను ఊరికే కూసునేదాన్ని, యాట్ల అడిగేది? సాలు అంటే సాలనే అనుకున్న్యారు మీరు. ఈ పొయ్యి ఎలిగిచ్చినాక తెలిసిండాది నాకు, నా ఆకలి ఎంతో."

ఆమే మళ్ళీ, "పెండ్లి అయ్యి వచ్చినప్పుడు మా అత్త పొయ్యి, తర్వాత మీ అమ్మ పొయ్యి. ఇది నాది. నాకు ఈడ హాయిగా ఉండాదే. మీ నాయనను ఈడికే రమ్మను. కూసోని తిని పోతాడు" అంది.

కొట్టం బయటికి వచ్చి కాసేపు ఎండలోనే నిలబడ్డాను. ఇన్నేళ్ళు మేం గెంటేశామని కుమిలిపోయాం. ఆమేమో బయటపడ్డానని ఊపిరి పీల్చుకుంది. అమ్మ చెడ్డది కాదు. ఉన్నదాన్ని అందరికీ సర్దేది, తనకూ తగ్గించుకునేది. అవ్వ "సాలు" అన్నప్పుడు నమ్మడం మా అందరికీ సులువుగా ఉండేది, అంతే. నేను కూడా నమ్మాను. తట్టలో మిగిలిన సగం ముద్ద ఎన్నోసార్లు నాకే వచ్చింది.

ఈ సంగతి నాయనకు చెప్పకుండా ఏదో ఒకటి సర్ది చెప్పి ఉండాల్సింది. కోపం లేదట, అక్కడే గాలి బాగుందట అని ఉంటే సరిపోయేది. కానీ ఆయన నులక చేత్తో పట్టుకుని నా ముఖంలోకే చూస్తున్నాడు. కోపం లేదన్న మాట ముందు చెప్పాను. "నా మనసు కష్టపెట్టకూడదని అట్ల అంటాది" అని నమ్మలేదు. నమ్మించాలనే పట్టుదలతో అవ్వ అన్నదంతా, ముద్ద సంగతితో సహా, ఉన్నదున్నట్టు చెప్పేశాను. చెప్పాక నాయన మనసు తేలికవుతుందనుకున్న మూర్ఖురాలిని నేను.

నాయన నులక వదిలేశాడు. అమ్మ వాకిట్లో నిలబడి వింటూ ఉంది.

"అంటే, ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మాయమ్మ అరకడుపుతోనే పండుకునిందా?" అన్నాడు.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తల దించుకుంది.

"ఎన్నేండ్లు?" అని అడిగాడు నాయన. ఆయాసంతోనే మళ్ళీ అడిగాడు. "సెప్పండి, ఎన్నేండ్లు?"